పొత్తికడుపుకు రేడియేషన్: దాంపత్యం, సంతానం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చినప్పుడు కిరణాలు కణితి దగ్గరే ఆగవు. దానికి ఆనుకుని ఉన్న యోని, పైన గర్భసంచి, రెండు పక్కలా అండాశయాలు, ముందు మూత్రాశయం, వెనక మలాశయం అన్నీ ఎంతో కొంత డోసు తీసుకుంటాయి. భారతదేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం ఈ జబ్బుదే. ఏటా లక్షా పాతిక వేల మందికి అటూ ఇటూగా కొత్తగా బయటపడుతోంది. వారిలో చాలామంది జబ్బు ముదిరాక వస్తారు కాబట్టి ఆపరేషన్‌తో సరిపెట్టే వీలుండదు. రేడియేషనే ముఖ్య చికిత్స అవుతుంది. ఆ చికిత్స ప్రాణం నిలుపుతుంది. దానివల్ల దాంపత్యానికి, సంతానానికి ఏమవుతుందన్న మాట మాత్రం ఓపీ గదిలో అరుదుగా వస్తుంది. పిల్లలు పుట్టేశారు కదా, ఇక ఆ సంగతులెందుకు అన్న ఊహ డాక్టర్లలోనూ ఉంటుంది, ఇంటివాళ్లలోనూ ఉంటుంది. పక్కన అత్తగారో ఎదిగిన కొడుకో కూర్చుని ఉంటే రోగి నోరు తెరిచి అడగలేదు. ఈ మౌనం వల్ల జరిగే నష్టంలో చాలా భాగం తప్పించదగినదే.

తప్పించడానికి తెలిసి ఉండాల్సినవి రెండు గడువులు. అండాల విషయంలో ఏం చేయాలన్నా మొదటి రోజు రేడియేషన్ పడకముందే చేయాలి. యోని విషయంలో చేయాల్సిన పని చివరి రోజు రేడియేషన్ అయ్యాక మొదలవుతుంది, నెలల తరబడి సాగుతుంది. మొదటి గడువు దాటితే వెనక్కి తెచ్చుకునే దారి దాదాపు లేదు. రెండోది దాటినా కొంత బాగుచేసుకోవచ్చు గానీ కష్టం ఎక్కువ.

చికిత్స జరిగే తీరు

చాలామంది రోగులు రేడియేషన్ తీసుకోవడాన్ని కరెంటు పెట్టించుకోవడం అంటారు. బయటి నుంచి మెషిన్‌తో ఇచ్చే రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాల పాటు సాగుతుంది. రోజుకు 1.8 నుంచి 2 గ్రేలు, మొత్తం 45 నుంచి 50 గ్రేలు. గ్రే అన్నది శరీరం గ్రహించిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం. ఈ వారాల్లోనే వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత లోపలి రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ. సన్నని గొట్టాలను యోని ద్వారా గర్భసంచిలోకి అమర్చి, ఇరిడియం వంటి రేడియోధార్మిక గింజను వాటిలోకి కొన్ని నిమిషాల పాటు పంపి వెనక్కి తీసుకుంటారు. చికిత్స మొత్తం ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలన్నది డాక్టర్లు గట్టిగా పాటించే నియమం. ఆలస్యమైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

గింజ బయటికి వచ్చేశాక శరీరంలో రేడియేషన్ ఏమీ మిగలదు. బయటి మెషిన్ వల్ల అసలే మిగలదు. ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోవచ్చు, భర్త పక్కన పడుకోవచ్చు.

అండాశయాలు

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల అండాలు ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి. కొత్తవి పుట్టవు. సుమారు యాభై ఏళ్లకు నిల్వ అడుగంటి నెలసరి ఆగిపోతుంది, అంటే మెనోపాజ్ వస్తుంది. రేడియేషన్ ఈ నిల్వనే దెబ్బతీస్తుంది. మనిషి అండాల్లో సగం నశించడానికి 2 గ్రేల కన్నా తక్కువ డోసు చాలు. అంటే రోజువారీ చికిత్సలో ఒక్క రోజు ఇచ్చేది దాదాపు అంతే. ఇరవై అయిదు రోజుల డోసు నేరుగా పడిన అండాశయంలో పనికొచ్చే అండం మిగలదని అనుకోవాలి.

వయసు పెరిగేకొద్దీ నిల్వ తక్కువ కాబట్టి తక్కువ డోసుకే అండాశయాలు చేతులెత్తేస్తాయి. ఇరవై ఏళ్ల స్త్రీలో అవి పూర్తిగా ఆగిపోవడానికి సుమారు 16.5 గ్రేలు, ముప్ఫై ఏళ్ల స్త్రీలో సుమారు 14.3 గ్రేలు సరిపోతాయని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. నలభై దాటితే 6 గ్రేలే ఎక్కువ. ఈ లెక్కలతో పోలిస్తే ముఖద్వార క్యాన్సర్‌కు ఇచ్చే 45 గ్రేలు ఏ వయసులోనైనా మించిన డోసే. మలాశయ క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ అయినా అంతే. ఐదు రోజుల్లో ముగిసే చిన్న కోర్సులోనూ 25 గ్రేలు పడతాయి. కిరణాలను కణితి ఆకారానికి తగ్గట్టు మలిచే ఆధునిక పద్ధతులు పేగులను, ఎముక మజ్జను కొంత కాపాడతాయి గానీ, పొత్తికడుపు నడిబొడ్డున ఉన్న అండాశయాలను సాధారణంగా కాపాడలేవు.

అండాలతో పాటు ఈస్ట్రోజన్ కూడా పోతుంది. సహజంగా వచ్చే మెనోపాజ్ ఏళ్ల తరబడి మెల్లగా దిగుతుంది. రేడియేషన్ వల్ల వచ్చేది కొద్ది వారాల్లో మీద పడుతుంది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, యోని పొడిబారడం అన్నీ ఒకేసారి మొదలవుతాయి. ముప్ఫై అయిదేళ్ల స్త్రీ ఇదంతా జబ్బు ముదరడం వల్లేనని భయపడుతుంది. ముందే చెప్పి ఉంటే ఆ భయం ఉండదు.

గర్భసంచి

అండాలు దాచుకున్నా, దాత అండం దొరికినా, బిడ్డను మోయాల్సింది గర్భసంచి. దాని విషయంలో ఆశ పెట్టుకోకపోవడమే మేలు. 45 గ్రేలు దాటిన గర్భసంచిలో కండరం సాగే గుణం పోతుంది, రక్తనాళాలు సన్నబడతాయి, లోపలి పొర సరిగా ఎదగదు. అందులో గర్భం నిలవడం అరుదు. నిలిచినా గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు, మాయ అసాధారణంగా అతుక్కుపోవడం వంటి ప్రమాదాలు ఎక్కువ. కాబట్టి అంత డోసు పడ్డవారికి గర్భం వద్దనే డాక్టర్లు సలహా ఇస్తారు. చిన్నతనంలో పొట్టకు రేడియేషన్ తీసుకున్న ఆడపిల్లల్లో గర్భసంచి పూర్తిగా పెరగదు. వారికి 25 గ్రేలు దాటినా ఇదే జాగ్రత్త.

రొమ్ము క్యాన్సర్‌కు ఛాతీ మీద ఇచ్చే రేడియేషన్ సంగతి వేరు. అండాశయాల దాకా చేరే డోసు చాలా తక్కువ. అక్కడ సంతానానికి అడ్డొచ్చేది కీమో, ఆ తర్వాత ఏళ్ల తరబడి వేసుకునే హార్మోన్ మాత్రలు. రేడియేషన్ తీసుకున్న రొమ్ములో పాలు బాగా తగ్గిపోవచ్చు గానీ రెండో రొమ్ము మామూలుగానే పనిచేస్తుంది. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ తాగిన స్త్రీ కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

మొదటి రోజుకు ముందు

మొదట గర్భం ఉందో లేదో పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటే: రేడియేషన్ అవసరం లేని దారి ఉందా? ముఖద్వారంలో కణితి 2 సెంటీమీటర్ల లోపు ఉండి, లింఫ్ గ్రంథులకు పాకకపోతే, గర్భసంచిని ఉంచి ముఖద్వారాన్ని మాత్రం తీసేసే ఆపరేషన్ ఉంది. ఫ్రెంచ్ సర్జన్ డానియెల్ డార్జాన్ దీన్ని రూపొందించాడు. ఆ ఆపరేషన్ తర్వాత పిల్లల్ని కన్నవారు ఎందరో ఉన్నారు. కణితి పెద్దదైతే ఈ అవకాశం లేదు. అక్కడ రేడియేషన్‌ను వాయిదా వేసి సంతానం కోసం చూడటం ప్రాణంతో పందెం కాయడమే.

రేడియేషన్ తప్పదని తేలాక మిగిలేవి రెండు మార్గాలు. ఒకటి, అండాలను గానీ, భర్త వీర్యంతో కలిపిన పిండాలను గానీ శీతలంలో భద్రపరచడం. ఇందుకు పది నుంచి పద్నాలుగు రోజుల పాటు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి అండాలను సేకరిస్తారు. నెలసరి కోసం ఎదురుచూడక్కర్లేదు, ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు. మామూలుగా సూదిని యోని గుండా పంపుతారు. ముఖద్వారంలో కణితి ఉన్నప్పుడు రక్తస్రావం అవుతుందన్న భయం ఉంటే పొట్ట గుండా కూడా తీయవచ్చు. పెళ్లికాని అమ్మాయి విషయంలో తల్లిదండ్రులు వెనుకాడే కారణాల్లో యోని గుండా సూది పంపడం ఒకటి కాబట్టి, పొట్ట గుండా తీయవచ్చన్న సంగతి వారికి తెలియాలి. స్కాన్లు, బయాప్సీ రిపోర్టు, చికిత్స ప్లానింగ్ కోసం ఎలాగూ కొన్ని రోజులు పడతాయి. జబ్బు బయటపడ్డ వారంలోనే సంతాన సాఫల్య డాక్టరును కలిస్తే ఆ రోజుల్లోనే ఈ పని పూర్తి కావచ్చు. ఖర్చు తక్కువేమీ కాదు. ఎంతవుతుందో, నిల్వకు ఏటా ఎంత కట్టాలో ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఇంకా రజస్వల కాని ఆడపిల్లల్లో అండాలను ఇలా సేకరించలేరు కాబట్టి అండాశయపు ముక్కనే తీసి భద్రపరుస్తారు. అలా దాచిన ముక్కను తిరిగి అతికించాక పుట్టిన మొదటి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. అయితే ఆ బిడ్డ తల్లికి చికిత్స జరిగింది చిన్నతనంలో కాదు, పెద్దయ్యాకే.

రెండో మార్గం, అండాశయాలను పక్కకు జరపడం. లాపరోస్కోపీతో వాటిని రక్తనాళాలతో సహా విడదీసి, పొత్తికడుపు పైకి, రేడియేషన్ పడని చోటికి చేర్చి కుడతారు. ఎక్కడున్నాయో రేడియేషన్ డాక్టరుకు కనపడేలా లోహపు క్లిప్పులు పెడతారు. నలభై ఏళ్ల లోపు వారికి, జబ్బు అండాశయాలకు పాకే అవకాశం తక్కువగా ఉన్నప్పుడు ఇది చేస్తారు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అండాశయాలను కాపాడినంత మాత్రాన గర్భం రాదు. గర్భసంచి రేడియేషన్‌లోనే ఉంటుంది. అయినా ఈ ఆపరేషన్ విలువైనదే. హార్మోన్లు నిలిస్తే ముప్ఫై ఏళ్లకే మెనోపాజ్ రాదు, ఎముకలు బలంగా ఉంటాయి, యోని పొడిబారడం తగ్గుతుంది. పిల్లలు చాలనుకున్న యువతికి కూడా దీన్ని ప్రతిపాదించాలి. మనదగ్గర అది ఎంత తరచుగా జరగాలో అంత తరచుగా జరగడం లేదు.

గర్భసంచిని కూడా తాత్కాలికంగా పైకి జరిపి, రేడియేషన్ అయ్యాక మళ్లీ కిందికి దించే ఆపరేషన్‌ను బ్రెజిల్ సర్జన్లు మలాశయ క్యాన్సర్ రోగిలో చేసి 2017లో ప్రకటించారు. ముఖద్వార క్యాన్సర్‌కు అది సాధారణంగా పనికిరాదు, ఎందుకంటే జబ్బు గర్భసంచి ముఖద్వారంలోనే ఉంది.

బిడ్డ కావాలనుకునేవారికి చట్టం

దాచుకున్న అండాలతో బిడ్డ కావాలంటే మరో స్త్రీ గర్భం మోయాలి. భారతదేశంలో సరోగసీ చట్టం 2021లో వచ్చి 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. డబ్బుకు గర్భం మోయించడం నేరం. వైద్య ఖర్చులు, నిబంధనలు అనుమతించే ఇతర ఖర్చులు, బీమా మాత్రమే ఇవ్వవచ్చు. దంపతుల్లో భార్య వయసు 23 నుంచి 50, భర్త వయసు 26 నుంచి 55 మధ్య ఉండాలి. అప్పటికే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఉంటే అనుమతి రాదు. గర్భం మోసే స్త్రీ 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసులో, పెళ్లయి, సొంత బిడ్డ ఉన్నదై ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయాలి. క్యాన్సర్ వల్ల గర్భసంచి తీసేసినా, అది అసాధారణంగా ఉన్నా, లోపలి పొర పలచబడినా అర్హత ఉంటుందని 2022 నిబంధనలు చెబుతున్నాయి. జిల్లా వైద్య బోర్డు ధ్రువీకరణ కావాలి. అండాలు దాచుకునే వీలు దొరకనివారికి 2024 ఫిబ్రవరిలో వచ్చిన సవరణ ఊరట. దంపతుల్లో ఒకరికి వైద్య కారణం ఉంటే దాత అండం గానీ వీర్యం గానీ వాడుకోవచ్చు, రెండోది మాత్రం దంపతులదే కావాలి. పెళ్లికాని స్త్రీకి ఈ దారి మూసే ఉంది. భర్త పోయినవారికి, విడాకులు తీసుకున్నవారికి 35 నుంచి 45 ఏళ్ల మధ్య తమ సొంత అండంతో అనుమతి ఉంది. అండాలు దాచుకునేటప్పుడే ఈ షరతులు తెలిసి ఉండాలి. దత్తత తీసుకోవాలనుకునేవారు ప్రాణాంతక జబ్బేమీ లేదని చూపాలి. చికిత్స ముగిసి జబ్బు తగ్గిందని క్యాన్సర్ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ అక్కడ పనికొస్తుంది.

యోనిలో వచ్చే మార్పులు

చికిత్స జరుగుతున్న వారాల్లో యోని లోపలి పొర ఎర్రబడి పుండులా మారుతుంది. మంట, స్రావం ఉంటాయి. విరేచనాలు, మూత్రంలో మంట, విపరీతమైన అలసట తోడవుతాయి. ఆ రోజుల్లో కలయిక మీద మనసు పోదు, ఆగడమే మంచిది. చికిత్స ముగిశాక నాలుగు నుంచి ఆరు వారాల్లో పుండు మానుతుంది.

అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. సన్నని రక్తనాళాలు మూసుకుపోతూ ఉంటే, మృదువుగా ఉండే కణజాలం గట్టిపడి మచ్చలా మారుతుంది. యోని పొట్టిగా, ఇరుకుగా అవుతుంది. ఎదురెదురు గోడలు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. పైభాగం బ్రాకీథెరపీ గొట్టాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడే ఎక్కువ. ఈ బిగింపు ఎక్కువగా మొదటి ఏడాదిలో వస్తుంది, ఆ తర్వాతా నెమ్మదిగా సాగుతుంది. కలయికలో నొప్పి వస్తుంది. నొప్పికి భయపడి కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది.

దీన్ని అడ్డుకునే సాధనం డైలేటర్. నునుపైన, గుండ్రని కొనతో ఉండే ప్లాస్టిక్ లేదా సిలికాన్ కడ్డీ. చిన్న సైజు నుంచి పెద్ద సైజు వరకు సెట్టుగా దొరుకుతాయి. రేడియేషన్ జరుగుతున్నప్పుడు వాడకూడదు. పచ్చి పుండు మీద వాడితే చీలికలు పడవచ్చు. డాక్టరు పరీక్షించి మానిందని చెప్పాక, సాధారణంగా చికిత్స ముగిసిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెడతారు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నీటి ఆధారిత జెల్లీ రాసిన చిన్న సైజును మెల్లగా లోపలికి పంపాలి. ఒత్తిడి తెలియాలి గానీ నొప్పి పుట్టకూడదు. అయిదు నుంచి పది నిమిషాలు ఉంచి, అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి తీసేయాలి. వారానికి రెండు మూడు సార్లు. వాడాక సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మొదట్లో చుక్క రక్తం కనిపించడం మామూలే. ధారగా వచ్చినా, గట్టి నొప్పి ఉన్నా ఆపి డాక్టరుకు చూపించాలి. రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం కొనసాగించమంటారు. డైలేటర్ మీద జరిగిన అధ్యయనాలు బలమైనవి కావు. అయినా బాగా బిగుసుకున్న యోనిని తర్వాత సాగదీయడం ఎంత కష్టమో చూసిన డాక్టర్లు దాన్ని సిఫారసు చేస్తారు.

భర్త లేనివారికి, కలయిక వద్దనుకున్నవారికి కూడా డైలేటర్ అవసరమే. జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి డాక్టరు ప్రతిసారీ లోపల పరీక్ష చేయాలి. యోని మూసుకుపోతే ఆ పరీక్ష భరించలేనంత బాధగా మారుతుంది, కొన్నిసార్లు అసాధ్యమే అవుతుంది. ఈ కారణం చెబితే, మొదట సిగ్గుపడ్డ స్త్రీలు కూడా వైద్యంలో భాగంగా దాన్ని తీసుకుంటారు.

పొడిబారడానికి కలయిక సమయంలో నీటి ఆధారిత జెల్లీ, మామూలు రోజుల్లో యోనికి వాడే మాయిశ్చరైజర్ ఉపయోగపడతాయి. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె రాసుకునేవారున్నారు; కండోమ్ వాడుతుంటే నూనె పనికిరాదు, కండోమ్ చిరుగుతుంది. సువాసన సబ్బులు, డెట్టాల్ నీళ్లతో లోపల కడగడం పూర్తిగా మానాలి.

హార్మోన్లు

నలభై అయిదేళ్లలోపు మెనోపాజ్ వచ్చినవారికి హార్మోన్ చికిత్స గురించి తప్పక ఆలోచించాలి. సహజ మెనోపాజ్ వయసు దాకా ఈస్ట్రోజన్ ఇస్తే వేడి ఆవిర్లు తగ్గుతాయి, ఎముకలు, గుండె కొంత కాపాడబడతాయి. రేడియేషన్ పడిన నడుం కింది ఎముకలు తేలిగ్గా చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి ఈ రక్షణ చిన్నదేమీ కాదు. క్యాన్సర్ వచ్చింది కాబట్టి హార్మోన్లు ముట్టకూడదన్న భయం ముఖద్వార క్యాన్సర్‌లో అత్యధికంగా కనిపించే స్క్వామస్ రకానికి వర్తించదు; అది ఈస్ట్రోజన్ మీద ఆధారపడి పెరిగేది కాదు. రొమ్ము క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ఉన్నవారికి లెక్క వేరు. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా ఇవ్వాలి. రేడియేషన్ పడినా లోపలి పొర కొంత బతికి ఉండవచ్చు, ఒంటరి ఈస్ట్రోజన్ దాన్ని పెంచుతుంది. ముఖద్వారం మూసుకుపోయి ఉంటే ఆ పొర నుంచి వచ్చే రక్తం బయటికి రాలేక గర్భసంచిలోనే నిలిచి నొప్పి పుట్టిస్తుంది కూడా. యోనిలో మాత్రం రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ తక్కువ డోసులో పొరను మెత్తబరుస్తుంది. కాల్షియం, విటమిన్ డి, నడక అందరికీ అవసరం.

భార్యాభర్తల మధ్య

చికిత్స తర్వాత దంపతుల మధ్య దూరం పెరగడానికి నొప్పి ఒక్కటే కారణం కాదు. క్యాన్సర్ తనకు అంటుతుందని భర్త భయపడతాడు. కలిస్తే జబ్బు తిరగబెడుతుందని భార్య భయపడుతుంది. రెండూ నిజం కావు. క్యాన్సర్ కలయిక వల్ల అంటదు, కలయిక వల్ల తిరగబెట్టదు. ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ వైరస్ చాలా సాధారణమైనది. సంసారం చేసేవారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి పోతుంది. అది భార్య నడతకు గానీ భర్త నడతకు గానీ సాక్ష్యం కాదు. ఈ ఒక్క మాట డాక్టరు నోటి నుంచి భర్తకు చేరితే చాలా ఇళ్లలో నిందలు ఆగుతాయి.

మొదట్లో దగ్గరితనం కలయికతోనే మొదలవ్వాలని లేదు. కౌగిలి, స్పర్శ, మాట ముందు తిరిగి రావాలి. నొప్పి తక్కువగా ఉండే భంగిమలు, లోతును, వేగాన్ని స్త్రీ తానే అదుపు చేసుకునేవి ఎంచుకోవచ్చు. కోరిక తగ్గడం మనసు మారడం కాదు, హార్మోన్లు తగ్గడం, అలసట, దిగులు కలిసి చేసే పని. నెలలు గడిచినా దిగులు తీరకపోతే కౌన్సెలర్‌ను కలవాలి. కలయిక తర్వాత కొద్దిగా రక్తం కనిపించడం సన్నబడిన రక్తనాళాల వల్ల కావచ్చు, జబ్బు తిరగబెట్టడం వల్ల కూడా కావచ్చు. ఏది అన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. యోని నుంచి మూత్రం గానీ మలం గానీ కారుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్స ముగిశాక మొదటి రెండేళ్లు సుమారు మూడు నెలలకోసారి, ఆ తర్వాత అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి డాక్టరు పరీక్షకు పిలుస్తారు. ప్రతిసారీ స్కాన్ రిపోర్టుతో పాటు ఈ సంగతులు కూడా ఆ బల్ల మీదికి రావాలి. డాక్టరు అడగకపోతే రోగి అడగాలి. కుటుంబ సభ్యుల ముందు అడగలేకపోతే, వారిని కాసేపు బయట కూర్చోమని డాక్టరుతో చెప్పించవచ్చు, లేదా రేడియేషన్ విభాగంలోని నర్సుతో విడిగా మాట్లాడవచ్చు. అలా కోరడం రోగి హక్కు.